రెక్క కింద లెక్క

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21లకు వీడ్కోలు పలికినప్పటి నుంచి అందరి నోటా ఒకటే అంకె: 29. మన వాయుసేనకు మంజూరైన యుద్ధవిమాన స్క్వాడ్రన్లు (విమాన దళాలు) 42, చేతిలో మిగిలినవి 29. సంపాదకీయాలూ, యూట్యూబ్ చర్చలూ, వాట్సాప్‌లో తిరిగే పటాలూ అన్నీ ఈ అంకె చుట్టూనే. అంకెలో తప్పేం లేదు. కాకపోతే అది చెప్పేది విమానాలు ఎన్నున్నాయని మాత్రమే. ఏ విమానానికి ఏ ఆయుధం తగిలించవచ్చు, ఆ ఆయుధాలు గోదాముల్లో ఎన్నున్నాయి, వదిలితే అనుకున్న చోట పేలతాయా అనేవి ఆ లెక్కలో కనపడవు. అన్నదానానికి గుండిగలు లెక్కపెట్టి బియ్యం ఊసెత్తనట్టుంది మన చర్చ.

యుద్ధవిమానం బలాన్ని రెక్క కింద నుంచి లెక్కపెట్టుకుంటూ పైకి రావాలన్నది నా వాదన.

మన సొంత యుద్ధవిమానం తేజస్‌నే తీసుకోండి. తొలిసారి ఎగిరింది 2001 జనవరి 4న. వాయుసేనలో 45వ స్క్వాడ్రన్‌గా చేరింది 2016 జూలై 1న. కంటికి కనపడనంత దూరంలోని శత్రువిమానాన్ని కొట్టే క్షిపణిని, అంటే ఇజ్రాయెల్ వారి డెర్బీని, రాడార్ సాయంతో గురిచూసి తేజస్ ప్రయోగించింది 2017 మే 12న, చాందీపూర్‌లో. అంటే స్క్వాడ్రన్ల లెక్కలో చేరిన పది నెలల తర్వాత. మన సొంత అస్త్ర క్షిపణిని తేజస్ వదిలింది 2023 ఆగస్టు 23న, గోవా తీరంలో. 2016లో 'ఒక స్క్వాడ్రన్ పెరిగింది' అని రాసుకున్నాం కదా, అప్పటికి ఆ స్క్వాడ్రన్ చేతిలో దూరపు క్షిపణి లేదు. ఆ సంగతి స్క్వాడ్రన్ల పట్టికలో ఎక్కడా ఉండదు.

ఇంత ఆలస్యం ఎందుకంటే, క్షిపణిని రెక్కకు తగిలించడమంటే బోల్టు బిగించడం కాదు. బాంబుకైనా క్షిపణికైనా విమానంతో మూడు రకాల సంబంధం కుదరాలి: ఇనుముతో, గాలితో, కంప్యూటర్‌తో. మూడూ వేర్వేరు తలనొప్పులు.

ముందు ఇనుము. బాంబు వీపు మీద రెండు కొక్కేలుంటాయి, లగ్స్ అంటారు. పాశ్చాత్య పద్ధతిలో మామూలు బరువు బాంబులకు ఆ రెండింటి మధ్య దూరం 14 అంగుళాలు, బాగా బరువైన వాటికి 30 అంగుళాలు. రష్యా పద్ధతిలో 500 కిలోల దాకా 250 మిల్లీమీటర్లు. మన దగ్గర రష్యా విమానాలున్నాయి, ఫ్రాన్స్‌వి ఉన్నాయి, బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి చేసిన జాగ్వార్లు ఉన్నాయి, సొంతవి ఉన్నాయి. పక్క స్క్వాడ్రన్‌లో మిగిలిన బాంబును తెచ్చి ఇక్కడ తగిలిద్దామంటే కొక్కెం దగ్గరే ఆగిపోతాం.

కొక్కేలను పట్టుకునేది ఎజెక్టర్ ర్యాక్. అందులో తూటాల్లాంటి రెండు కార్ట్రిడ్జులుంటాయి. పైలట్ మీట నొక్కగానే అవి పేలి, పుట్టిన వాయువు ముందు కొక్కేలను విప్పుతుంది, వెంటనే పిస్టన్లతో బాంబును కిందికి గట్టిగా తోస్తుంది. బాంబు తనంతట తాను పడదా అని అడగొచ్చు. వేగంగా పోతున్న విమానం పొట్ట కింద గాలి ఎటు లాగుతుందో చెప్పలేం. తోయకపోతే బాంబు కాసేపు అక్కడే తేలి, ముక్కు పైకెత్తి, రెక్కకో తోకకో తగలొచ్చు. అసలు భయం బరువైన బాంబులతో కాదు. ఖాళీ అయిన అదనపు ఇంధన ట్యాంకులతోనే. ఆకారం పెద్దది, బరువు తక్కువ. గాలి వాటిని ఎటైనా తిప్పేస్తుంది.

క్షిపణుల్లో కొన్ని పట్టాల మీద నుంచి సొంత మోటారుతో జారిపోతాయి, కొన్నిటిని ముందు కిందికి తోసి తర్వాత మోటారు అంటిస్తారు. రెక్క చివర చిన్నవాటికి పట్టా చాలు. పొట్ట కింద పెద్దవాటికి తోయక తప్పదు, లేకపోతే మంట విమానానికే తగులుతుంది. బ్రహ్మోస్ క్షిపణి సంగతి చూస్తే ఇది ఎంత పెద్ద పనో తెలుస్తుంది. విమానం కోసం తగ్గించినా దాని బరువు 2.5 టన్నులు. సుఖోయ్-30 ఎంకేఐ యుద్ధవిమానం పొట్ట కింద మధ్యలో ఒక్కటే పడుతుంది. దానికోసం విమానం ఒంటిని బలపరచాలి, ప్రత్యేకమైన లాంచర్ చేయాలి. అందుకే మొత్తం సుఖోయ్‌లన్నిటికీ కాకుండా 40 విమానాలకు ఈ మార్పు అనుకున్నారు. నాసిక్‌లో క్షిపణిని మోసుకుని ఊరికే ఎగిరింది 2016 జూన్‌లో. బంగాళాఖాతం మీద నిజంగా వదిలింది 2017 నవంబర్ 22న. ఆ ఆయుధంతో తంజావూరులో 222వ స్క్వాడ్రన్ మొదలైంది 2020 జనవరిలో. అప్పటికే ఏళ్ళ తరబడి ఎగురుతున్న విమానానికి, అప్పటికే నౌకల మీద పనిచేస్తున్న క్షిపణిని కలపడానికి పట్టిన కాలం ఇది.

ఇక గాలి. రెక్క కింద బరువు వేలాడదీస్తే రెక్క ఊగే తీరు మారిపోతుంది. ఏదో ఒక వేగంలో ఆ ఊపూ గాలి తోపూ జత కలిసి పెరిగిపోతే రెక్క విరుగుతుంది. దాన్ని ఫ్లట్టర్ అంటారు. కాబట్టి ప్రతి కలయికనూ విడిగా చూడాలి. తేజస్‌కు మొత్తం ఎనిమిది చోట్ల తగిలించవచ్చు: రెక్కకు మూడేసి, పొట్ట మధ్యలో ఒకటి, ఎడమ వైపు గాలి గొట్టం కింద గురి చూసే పాడ్‌కు ఒకటి. పాడ్‌ను పక్కన పెడదాం. రెండు రెక్కలకూ సరిసమానంగానే తగిలిస్తామనుకుందాం, ఒక్కోచోట మూడే అవకాశాలు అనుకుందాం: ఖాళీ, బాంబు, క్షిపణి. అప్పటికే 81 కలయికలు. ఒక రెక్క నుంచి ఒక క్షిపణి వదలగానే సమతూకం పోతుంది, అవన్నీ మళ్ళీ వేరు. ట్యాంకు నిండుగా ఉంటే ఒకటి, సగం ఉంటే ఇంకొకటి. అన్నీ ఎగిరి చూడటం అయ్యే పని కాదు కనుక లెక్కలు కట్టి, విండ్ టన్నెల్‌లో చూసి, అన్నిటికన్నా ప్రమాదకరమైన కొన్నిటినే ఎగరేసి చూస్తారు. 'ఈ బరువుతో ఇంతకుమించి వేగం వద్దు, ఇంతకుమించి గట్టిగా తిప్పొద్దు' అనే హద్దులు అక్కడి నుంచి వస్తాయి. పత్రికల్లో వేసే 'గరిష్ఠ వేగం, గరిష్ఠ మోత' అంకెలు రెండూ ఒకేసారి కుదిరేవి కావని ఎవరూ చెప్పరు.

తుపాకుల విషయంలోనూ గాలి ఊరుకోదు. మన వాయుసేన నడిపిన హాకర్ హంటర్‌లో ముక్కు కింద నాలుగు 30 మిల్లీమీటర్ల ఏడెన్ తుపాకులుండేవి. మొదటి రకాల్లో బాగా ఎత్తులో వాటిని పేలిస్తే ఆ పొగ ఇంజను మింగి ఉక్కిరిబిక్కిరయ్యేది. దానికి కనిపెట్టిన మందు విచిత్రమైనది: మీట నొక్కగానే ఇంజనుకు ఇంధనం కాసేపు తగ్గేలా చేశారు. తూటాల పట్టీ నుంచి ఊడిన లింకులు బయటికి ఎగిరి విమానం ఒంటికే తగిలి చొట్టలు పెడుతుంటే, వాటిని పోగుచేయడానికి ముక్కుకు ఇరువైపులా రెండు బుడిపెలు పెట్టారు. హంటర్ ఫొటోలో కనిపించే ఆ బుగ్గలు అందం కోసం కాదు. మిగ్-27లో ఆరు గొట్టాల 30 మిల్లీమీటర్ల తుపాకీ ఉండేది, నిమిషానికి 5,000 గుండ్ల దాకా వేగం. ఆ అదురుకు దిగేటప్పుడు వేసుకునే లైట్లు పగిలిపోవడం దానికి మామూలు. కార్గిల్ యుద్ధంలో 1999 మే 27న ఫ్లైట్ లెఫ్టినెంట్ కంబంపాటి నచికేత మిగ్-27లో వెళ్ళి 80 మిల్లీమీటర్ల రాకెట్లు వేశాక ఇంజను ఆగిపోయి బయటికి దూకాల్సి వచ్చింది, శత్రువుకు చిక్కారు. ఆయుధం పేల్చడమే విమానానికి ఒక పరీక్ష. అన్నిటికన్నా వింతైనది 1956 సెప్టెంబర్ 21న అమెరికాలో జరిగింది. గ్రమ్మన్ టైగర్ విమానం తుపాకీ పేల్చి, కిందికి దూకుతూ వేగం పెంచి, గాలికి వేగం తగ్గిన తన గుండ్లనే కలుసుకుని కూలింది. పైలట్ బతికాడు.

మూడోది కంప్యూటర్. ఆలస్యమంతా ఎక్కువగా ఇక్కడే. విమానానికీ క్షిపణికీ మధ్య ఒక తాడు ఉంటుంది, అంబిలికల్ అంటారు. వదిలే క్షణం దాకా క్షిపణికి కరెంటు ఆ తాడు ద్వారానే వస్తుంది. పాశ్చాత్య ప్రమాణం మిల్-స్టాండర్డ్-1760 ప్రకారం 28 వోల్టుల డీసీ, 115 వోల్టుల 400 హెర్ట్జ్ ఏసీ. దాంతోపాటు డేటా లైను. క్షిపణిలో దిశను కనిపెట్టే జైరోలు ముందు మేల్కోవాలి. ఆ తర్వాత 'నేను ఎక్కడున్నాను, ఎటు చూస్తున్నాను' అన్నది విమానం నుంచి నేర్చుకోవాలి. రెక్క గాలిలో వంగుతూ ఉంటుంది, అంటే విమానం ముక్కు చూసే దిశా క్షిపణి ముక్కు చూసే దిశా ఒకటి కావు. ఆ తేడా సరిదిద్దకుండా వదిలితే పది కిలోమీటర్లు పోయేసరికి గురి వందల మీటర్లు తప్పుతుంది. తర్వాత లక్ష్యం ఎక్కడుంది, ఎంత వేగంతో ఎటు పోతోంది అన్నది రాడార్ నుంచి క్షిపణికి చేరాలి. చివరికి క్షిపణిలోని థర్మల్ బ్యాటరీని అంటిస్తారు. ఒకసారి అంటుకుంటే అంతే, ఆపడం ఉండదు. ఇంకో క్షణంలో తాడు తెగుతుంది. గాల్లోకి వెళ్ళాక కూడా విమానం నుంచి డేటా లింక్ ద్వారా లక్ష్యం కొత్త స్థానం చెబుతూనే ఉండాలి. దగ్గరికి చేరాక క్షిపణి తన సీకర్ (లక్ష్యాన్ని వెతికే కన్ను) తెరిచి తానే చూసుకుంటుంది.

ఈ గొలుసులో ప్రతి లింకుకూ ఎవరో ఒకరు యజమాని ఉంటారు. రాడార్ ఒక దేశానిది, రాడార్‌నూ ఆయుధాలనూ కలిపి నడిపే మిషన్ కంప్యూటర్ ఇంకొకరిది, క్షిపణి వేరొకరిది అయితే ఒక్క లైను కోడ్ మార్చాలన్నా ముగ్గురూ ఒప్పుకోవాలి. విమానం కొన్నాం కదా అని మనకు నచ్చిన ఆయుధం తగిలించుకోలేం. సుఖోయ్ రాడార్ రష్యాది, దాని మిషన్ కంప్యూటర్‌ను మాత్రం మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో వాళ్ళే చేశారు. అస్త్రను సుఖోయ్‌కు కలపడంలో అది ఎంత కలిసొచ్చిందో తలచుకుంటే, మిషన్ కంప్యూటర్ సొంతమా కాదా అన్న ప్రశ్న ఏ కొత్త విమానం బేరంలోనైనా ధర కన్నా ముందు అడగాల్సినది అనిపిస్తుంది.

అస్త్ర మన హైదరాబాద్ క్షిపణి. రూపకల్పన డీఆర్‌డీవో ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌ది, తయారీ భారత్ డైనమిక్స్‌ది. బరువు 154 కిలోలు, మందం 178 మిల్లీమీటర్లు. నేల మీద నుంచి తొలి ప్రయోగం 2003 మేలో. సుఖోయ్ నుంచి తొలిసారి వదిలింది 2014 మే 4న. భారత్ డైనమిక్స్‌తో 2,971 కోట్ల రూపాయల ఒప్పందం 2022 మే 31న. నేల మీద నుంచి రెక్క కిందికి రావడానికి పదకొండేళ్ళు, అక్కడి నుంచి ఆర్డరు చేతికి రావడానికి ఎనిమిదేళ్ళు. దీన్ని చేతకానితనంగా చూసేవాళ్ళతో నాకు పేచీ ఉంది. గాల్లోంచి గాల్లోకి వేసే దూరపు క్షిపణిని మొదటిసారి చేసే ఏ దేశానికైనా కష్టమే. పేచీ లేనిది ఒక్క చోట: ఆ ఇరవై ఏళ్ళూ వాయుసేన ఏ క్షిపణులతో నెట్టుకొచ్చిందో, అవి ఎంత పాతబడ్డాయో బయట ఎవరూ అడగలేదు. 2019 ఫిబ్రవరి 27న కశ్మీర్ మీద గాలిపోరు జరిగాక, మర్నాడు మన వాయుసేన అమెరికా తయారీ దూరపు క్షిపణి ఆమ్‌రామ్ ముక్కలను చూపించింది. పాకిస్తాన్‌లో ఆ క్షిపణిని మోసేది ఎఫ్-16లే. చర్చంతా ఎవరి విమానం ఎవరు కూల్చారన్న దాని మీదే నడిచింది. ఎవరు ఎంత దూరం నుంచి వదలగలరు అన్న ప్రశ్న మాత్రం వెనకబడింది.

దూరం అన్నాను కాబట్టి ఒక మాట. '110 కిలోమీటర్ల పరిధి' అని రాస్తే అది అన్ని వేళలా నిజం కాదు. క్షిపణి మోటారు కొన్ని సెకన్లే మండుతుంది, మిగతాదంతా ఆ ఊపు మీదే పోతుంది. పల్చటి గాలిలో ఎత్తున, వేగంగా పోతూ, ఎదురొస్తున్న లక్ష్యం మీద వదిలితే పెద్ద అంకె. వెనక్కి తిరిగి పారిపోతున్న విమానం మీద, కింది ఎత్తులో, దట్టమైన గాలిలో వదిలితే ఆ అంకెలో చిన్న భాగమే మిగులుతుంది.

ఇప్పుడు నిల్వల సంగతి. మన సుఖోయ్‌లలో 200 ఎగరడానికి సిద్ధంగా ఉన్నాయనుకుందాం, ఒక్కోదానికి దూరపు క్షిపణులు నాలుగే తగిలించామనుకుందాం. ఒక్క విడతకు 800. రెండో రోజుకు ఇంకో 800 కావాలి. పైగా క్షిపణి వాడకపోయినా అరుగుతుంది. పహారాలో రెక్క కింద వేలాడుతూ ఎగిరిన ప్రతి గంటా దాని ఆయుష్షులో తరుగే. అదురుకు లోపలి అతుకులు సడలుతాయి, సీకర్ గురి మారుతుంది. ఇంధనం బీరువాలో ఉన్నా పాతబడుతుంది. అందుకే శిక్షణకు లోపల పేలుడు పదార్థం లేని నకిలీవి వేరే ఉంచుతారు. ఎన్ని క్షిపణులు కొన్నామన్నది ఒక అంకె. ఈ నెల తగిలించడానికి పనికొచ్చేవి ఎన్నన్నది ఇంకో అంకె. రెండోది రహస్యంగా ఉండటం సబబే. మొదటిది ప్రకటించినప్పుడైనా దాన్ని విమానాల సంఖ్యతో భాగించి చూసే అలవాటు మనకు రావాలి.

ఇంత చేసినా చివరి పది నిమిషాల్లో చెడిపోవచ్చు. ఆయుధం ఎక్కించే సిబ్బంది పనికి ఒక వరుస ఉంటుంది. విమానం ముక్కు జనం లేని వైపు తిప్పి నిలపాలి. ఎర్తింగ్ తీగ బిగించాలి. మీటలన్నీ 'సేఫ్'లో ఉన్నాయని కాక్‌పిట్‌లో చూడాలి. తర్వాత మీటరు పట్టుకుని, కార్ట్రిడ్జి కూర్చునే చోటా తాడు గుచ్చే చోటా ఎక్కడి నుంచైనా దొంగ కరెంటు వస్తోందేమో చూడాలి. అప్పుడే బాంబును ట్రాలీ మీద నుంచి పైకెత్తి కొక్కేలు తగిలించాలి. పక్కకు ఊగకుండా ఇరువైపులా స్వే బ్రేసులు సమానంగా బిగించాలి. తక్కువైతే బాంబు కదులుతుంది, ఎక్కువైతే కొక్కెం మీద లాగుడు పడి సమయానికి విప్పుకోకపోవచ్చు. కార్ట్రిడ్జులు చివర్లోనే. ఎర్ర రిబ్బన్ల పిన్నులు రన్‌వే అంచుకు వెళ్ళేదాకా తీయకూడదు. అక్కడ తీసి, లెక్కపెట్టి, పైలట్‌కు చూపించాలి.

ఈ వరుస తప్పితే ఏమవుతుందో 1967 జూలై 29న టోంకిన్ సింధుశాఖలో అమెరికా విమానవాహక నౌక ఫారెస్టల్ చూసింది. ఫాంటమ్ విమానం బయటి కరెంటు నుంచి సొంత కరెంటుకు మారేటప్పుడు ఒక్కసారిగా పెరిగిన కరెంటు పోటుకు జూనీ రాకెట్ ఒకటి తనంతట తాను వెలిగి, డెక్ మీద ఎదురుగా నిలబడిన స్కైహాక్ విమానం ఇంధన ట్యాంకును గుద్దింది. రాకెట్‌కు కరెంటు తగిలే తీగను క్యాటపుల్ట్ (విమానాన్ని డెక్ మీద నుంచి విసిరే యంత్రం) దగ్గర మాత్రమే కలపాలన్న నియమాన్ని పని తొందర కోసం సడలించి, నిలిపిన చోటే కలిపేశారు. ఆపాల్సిన పిన్ను కూడా అప్పటికే స్థానంలో లేదు. రెండు కాపలాల్లో ఏది నిలిచినా ఆగేది. ఆ మంటల్లో ఉన్నవి పాత కాలపు 1,000 పౌండ్ల బాంబులు. కొత్తవైతే మంటలో మరికాసేపు ఓర్చేవి, ఇవి నిమిషంన్నరలోనే పేలడం మొదలుపెట్టాయి. 134 మంది చనిపోయారు. కొత్త బాంబుల కొరత వల్లే ఆ పాతవి నౌకకు చేరాయి. నిల్వల లెక్క తప్పితే నష్టం యుద్ధంలోనే జరగాలని లేదు.

దీనికి పూర్తిగా అటు వైపు ఉదాహరణ బ్రిటన్, అర్జెంటీనాల మధ్య 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధం. అర్జెంటీనా పైలట్లు బ్రిటిష్ క్షిపణులను తప్పించుకోవడానికి అలల మీదుగా వచ్చి నౌకల మీద బాంబులు వేశారు. గ్లాస్గో నౌకలోంచి బాంబు ఒకటి అటు దూరి ఇటు పోయింది, పేలలేదు. ఆర్గోనాట్‌లో రెండు దిగబడ్డాయి, పేలలేదు. కారణం ఫ్యూజు. వేసిన విమానం సురక్షిత దూరం పోయేదాకా బాంబు మేల్కోకుండా అందులో ఆలస్యం పెడతారు. అంత కింది నుంచి వేస్తే ఆ ఆలస్యం తీరేలోపే బాంబు నౌకను చేరుతుంది. విమానం ఉంది, పైలట్ ధైర్యం ఉంది, గురి కుదిరింది, బాంబు తగిలింది. దాడి తీరుకు తగ్గ ఫ్యూజు అమరిక లేక ఫలితం మాత్రం దక్కలేదు.

విమానాలే లేకపోతే ఆయుధాలు దేనికి తగిలిస్తావని అడిగేవాళ్ళున్నారు. నిజమే. ఒక విమానం ఒకే చోట ఉండగలదు, రెండు సరిహద్దులకు 29 స్క్వాడ్రన్లు తక్కువే. నేను కాదనడం లేదు. కానీ కొత్త స్క్వాడ్రన్‌కు పట్టేది దశాబ్దం. ఉన్న విమానానికి సరైన ఆయుధం కుదిరితే ఫలితం ఎంత తొందరగా కనిపిస్తుందో కార్గిల్ చెప్పింది. మిరాజ్-2000 మనకు 1985లో వచ్చింది. 1999 జూన్‌లో దానికి గురి చూసే లైటెనింగ్ పాడ్, లేజర్ వెలుగు పట్టుకుని దిగే బాంబు కిట్టూ హడావుడిగా సిద్ధం చేశారు. జూన్ 24న టైగర్ హిల్ మీది బంకర్‌ను కొట్టారు. విమానం పద్నాలుగేళ్ళ నాటిదే, కొత్తగా వచ్చినవి పాడూ కిట్టూ మాత్రమే.

అందుకే 'ప్రయోగం విజయవంతం' అన్న వార్త వచ్చినప్పుడు కొన్ని మాటల కోసం వెతకండి. 2023 ఆగస్టు ప్రకటనలో అస్త్ర తేజస్ నుంచి సుమారు 20,000 అడుగుల ఎత్తున సజావుగా విడుదలైందని ఉంది. అది ఇనుమూ గాలీ కుదిరిన దశ. 2025 మార్చి 12న చాందీపూర్ దగ్గర ఎగిరే లక్ష్యాన్ని నేరుగా కొట్టిందని ఉంది. అంటే రాడార్, కంప్యూటర్, డేటా లింక్, సీకర్ అన్నీ ఒక గొలుసులో నడిచాయి. మధ్యలో ఏడాదిన్నర పైన. అదే ఏడాది జూలై 11న ఒడిశా తీరంలో సుఖోయ్ నుంచి రెండు అస్త్రలు వదిలారు. వాటి ప్రత్యేకత సీకర్. రష్యా నుంచి తెచ్చుకున్న దాని స్థానంలో రేడియో తరంగాలతో వెతికే స్వదేశీ ఆర్‌ఎఫ్ సీకర్ అమర్చారు, దూరాలూ దిశలూ మార్చి రెండుసార్లు పరీక్షించారు. సీకర్ చేతిలో ఉంటే శత్రువు జామింగ్ (సీకర్‌ను తికమకపెట్టే) పద్ధతి మార్చినప్పుడు దాని కోడ్ మార్చడానికి మరో దేశం అనుమతి అక్కర్లేదు, పాతబడిన క్షిపణిని విప్పి బాగుచేయడానికి విదేశానికి పంపక్కర్లేదు. ఆ వార్త చాలా పత్రికల్లో లోపలి పేజీ దాటలేదు. రెండు నెలల తర్వాత మిగ్-21ల వీడ్కోలు మాత్రం అన్నిచోట్లా మొదటి పేజీలో వచ్చింది.